సంచిలో కట్టిన అరుపు

"శివన్నా! ఓ శివన్నా! జర ఆగు!"

వెనక నుంచి ఆ పిలుపు వినబడగానే శివకృష్ణ చేతిలో చాయ్ గ్లాసు ఎగిరిపడింది. సగం చాయ్ నేలపాలు, సగం అతని తెల్లంగీ మీద. మరక గుండె దగ్గర ఆకులాగా పాకుతుంటే నేను చూస్తూ ఉండిపోయాను.

"ఏందిరా, ఆడపిల్ల పిలిస్తెనే గిట్ల దుంకుతున్నవ్?" అని నవ్వాడు ఆగయ్య కాక. ముప్పై ఏండ్లు ఈ సూరత్‌లోనే మగ్గం నడిపి, చెవులు సగం మగ్గానికే ఇచ్చేసి, ఇప్పుడు మా చాయ్ బండి ముందున్న బెంచీ మీదే పొద్దు పుచ్చుతుంటాడు.

"దుంకుడు గాదు కాకా. ఒంట్ల కరెంటు. ఆ కాలేజీ మిషన్ల కూసున్నప్పటికెల్లి ఇంక దిగుతలేదు."

పిలిచింది సింధూజ. నవాగామ్‌లో మా గల్లీ మొత్తానికి కాలేజీలో మనసు గురించి చదివే పిల్ల అదొక్కతే. పోయిన నెల వాళ్ల మేడమ్ మగ్గం పనివాళ్లను నలభై మందిని పిలిపించి, ఒక్కొక్కరినీ గదిలో కూర్చోబెట్టి ఏదో పరీక్ష చేసింది. దేనికో ముందు చెప్పలేదు. చెబితే మనిషి తనలాగా ఉండడట, వాళ్లకు ఎలా కావాలో అలా ఉంటాడట. నలభై మందీ అయ్యేదాకా ఎవరూ బయట మాట్లాడొద్దని కూడా అన్నారు. శివకృష్ణ నెల రోజులు నోరు మూసుకున్నాడంటే అదొక్కటే అతను నిజంగా చేసిన సాహసమని మమ్మల్ని కన్న మా అవ్వ అంటుంది.

"ఇయ్యాలటితోని అందరివి అయిపోయినయ్. ఇగో, నీ కవరు," అంది సింధూజ. "ఎందుకు చేసినమో, నీకేం చేసినమో అంతా రాసి ఉన్నది. ఇంట్లకు పోయి చదివించుకో."

శివకృష్ణ కవరును కండ్లకద్దుకుని జేబులో పెట్టుకున్నాడు. "సర్టిఫికెట్!" అన్నాడు మా వైపు తిరిగి.

ఆదివారం సాయంత్రమైనా పక్క గల్లీ కార్ఖానాలో మగ్గాలు ఆడుతూనే ఉన్నాయి. ఆ టకటక వినబడినంతసేపూ మా ప్రణయ్ అన్న బెంచీ చివర ముడుచుకుని కూర్చుంటాడు. రెండు నెలల కింద మగ్గాన్ని తిప్పే మోటారు పట్టాలో అతని ఎడమ చెయ్యి పడి రెండు వేళ్లు పోయాయి. ఆ చప్పుడులో ఎవరికీ ఏమీ వినబడలేదు. చివరికి పట్టా తెగి మగ్గం దానంతటదే ఆగింది. బయట మట్కా దగ్గర నీళ్లు తాగి వస్తున్న శివకృష్ణ చూసి, అన్నను భుజాన వేసుకుని దవాఖానా దాకా ఉరికాడు. మగ్గాలను ఆపే స్విచ్చు శివకృష్ణ మగ్గం పక్కన గోడకే ఉంటుంది. తను అక్కడ ఉంటే ఇట్లయ్యేది కాదని ఆ రోజు తల గోడకు కొట్టుకుని ఏడ్చాడు. ఆ ఏడుపు చూసినప్పటి నుంచి నేను అతన్ని అన్న అనడం మానేశాను. ఇంకేమని పిలవాలో తెలియక ఏమీ పిలవను.

రేపు పొద్దున ఏడింటి పాళీకి, అంటే పగటి షిఫ్టుకు, ప్రణయ్ అన్న మళ్లీ కార్ఖానాకు పోవాలి. ఇంట్లో ఉంటే ఆ చప్పుడు ఇంకా ఎక్కువ వినబడుతోందని తనే ఒప్పుకున్నాడు. ఒక్కటే షరతు. స్విచ్చు దగ్గర శివన్న ఉండాలి. ఇంకెవరున్నా పోడు. అంటే మా అన్నకు మిగిలిన ఎనిమిది వేళ్లూ శివకృష్ణ ధైర్యం మీదే ఆధారపడి ఉన్నాయి. అందుకే అవ్వ అతనికి గ్లాసు ఖాళీ కాకుండా చాయ్ పోస్తూనే ఉంది.

"ఆ అర్రల భయం కాలేదా శివన్నా?" అని అడిగాడు అన్న, చాలా మెల్లగా.

అన్న నోరు తెరిచి ఒక మాట అడగడం ఎన్ని రోజులకు! మేమందరం అటే తిరిగాం. శివకృష్ణ కూడా ఒక నిమిషం అన్ననే చూసి, కాలర్ సర్దుకుని మొదలుపెట్టాడు.

"భయమా? ఇను ప్రణయ్. అసల్ సంగతి చిన్నదే. పోయిన, కుర్సీల కూసున్న, పదిహేను నిమిషాలు కదలకుంట కూసోని లేచొచ్చిన. గంతే."

"గంతేనా?" ఆగయ్య కాక మొహం పడిపోయింది.

"గంతేనంటవా? కదలకుంట కూసునుడంటే ఏందో నీకెర్క లేదు కాకా! ఆ అర్ర ఎట్లున్నదనుకున్నవ్? గోడలకు నల్లటి స్పంజి, కిటికీ లేదు, తలుపేస్తె మన ఊపిరి మనకే లారీ ఇంజన్ లెక్క వినబడుతది. చెవులకు గింత పెద్ద హెడ్‌ఫోన్లు. వేళ్లకు క్లిప్పులు, క్లిప్పులకు వైర్లు, ఆ వైర్లు పోయి గోడలకు దూరినయ్. ఆ గోడ అవతల ఏమున్నదో ఎర్కేనా? భయం మీటర్!"

"అది చెమట కొలిచేది అన్నా," అంది సింధూజ. "భయమైతే వేళ్లకు చెమట పడుతది, గుండె తొందరగా కొట్టుకుంటది. గవే గీతలు."

"నువ్వాగు చెల్లె. నీకు బయటి సంగతి ఎర్క, నాకు లోపటి సంగతి ఎర్క. భయం మీటరే! సున్న కాడికెల్లి వంద దాక. నా ముందటి నంబరు ఇచ్ఛాపూర్ నుంచి వచ్చినోడు, ఇనుము మోస్తడు, మెడ సూస్తె దున్నపోతు మెడ. తలుపేసిన రెండో నిమిషంల బయటికొచ్చిండు. నాలుగు కాళ్ల మీద! మీటర్ తొంభై ఎనిమిది! అంబులెన్సు పిలిచిండ్రు. ఆ అంబులెన్సు డ్రైవర్ ఏందా అని అర్రలకు తొంగిచూసిండు. ఆయనకోసం ఇంకో అంబులెన్సు పిలిచిండ్రు!"

అవ్వ కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఆ నల్లటి స్పంజి గది నా కండ్ల ముందు నిలబడింది, దాని తలుపు నా మీదే పడినట్టు.

"నా నంబరొచ్చింది. మేడమ్ ముందుగాల ఒక కాగితం పెట్టి సంతకం చెయ్యమన్నది. ఏమున్నదనుకున్నరు అండ్ల? పానం పోతె మాకు సంబంధం లేదని!"

"అబద్ధం!" సింధూజ లేచి నిలబడింది. "ఎప్పుడంటె అప్పుడు లేచి పోవచ్చని ఉన్నది అండ్ల. ఎందుకు పోతున్నవని కూడ ఎవరూ అడగరు."

"లేచి పోవచ్చని ముందే రాసిండ్రంటె ఏందన్నట్టు? లేచి ఉరికేటంత సరుకు లోపల ఉన్నదన్నట్టే గద!"

"అదీ నిజమే," అన్నాడు కాక.

"ఆ తర్వాత ఒక డబ్బా పెట్టి చిట్టి తియ్యమన్నరు."

"చిట్టి ఎందుకురా? గట్టోళ్లను ఏరుకోవాలె గని!" అన్నాడు కాక.

ఇది సింధూజను అడిగినట్టే. దాని కండ్లు మెరిశాయి. "మేం ఏరితె మాకు నచ్చినోళ్లనే ఏరుతం కాకా. అప్పుడు వచ్చేది మా ఇష్టమైతది గని నిజం కాదు. అందుకే చిట్టి. సగం మందికి ఒకటి చేస్తం, సగం మందికి ఆ ఒక్కటి చెయ్యం, మిగతాదంతా ఒక్క తీరే. రంగుల కార్ఖానల కోరా ముక్క ఒకటి ముంచకుంట పక్కకు పెడ్తరు చూడు? దాని పక్కన పెట్టి చూస్తెనే గద రంగు ఎంత పట్టిందో ఎర్కయ్యేది. గట్ల. ఎవరు రంగో ఎవరు కోరానో, కూసోబెట్టే నాకు కూడ చెప్పలే. ఎర్కుంటె నా మొకంల కనబడుతదని."

"నన్నైతె నిండ ముంచిండ్రు," అన్నాడు శివకృష్ణ. "ఏడు రంగులల్ల ముంచిండ్రు! ఇనుండ్రి. తలుపు పడ్డది. దీపం పోయింది. చెవులల్ల మగ్గాలు మొదలైనయ్. పది గాదు, వంద గాదు, సూరత్‌ల ఉన్న మగ్గాలన్ని తెచ్చి నా తలకాయల పెట్టిండ్రు. చీకటి ఎంతంటె నా చెయ్యి నాకు కనబడలే. ఉన్నదా లేదా అని ఇంకో చెయ్యితోని తడుముకుంటె, ఆ ఇంకో చెయ్యి ఉన్నదా అని డౌటొచ్చింది!"

చాయ్ వడపోస్తున్న అవ్వ ఆగిపోయింది. ప్రణయ్ అన్న ఎడమ చేతిని తువ్వాల కిందికి జరుపుకున్నాడు. శివకృష్ణ చూశాడు, చూసి ఇంకా గొంతు పెంచాడు.

"మీటర్ ఎంత? సున్న! బయట మేడమ్ మిషన్ ఖరాబైందని దాని నెత్తి మీద కొడుతున్నది. సున్న కిందికి పోయింది! ఆ తర్వాత ఏమైందో ఎర్కేనా?"

"ఏమైంది?" అన్నాను నేను.

"అరుపు."

పక్క గల్లీ మగ్గాలు టకటకమంటున్నాయి.

"మగ్గాల నడుమకెల్లి ఒక అరుపు. మొదలు సన్నగ, పడుగుల దారం తెగినట్టు. ఆ ఎనుక పెద్దగ. 'శివన్నా! బంద్ జెయ్యి! శివన్నా, బంద్ జెయ్యి!' ఒక్కసారి గాదు. నాలుగుసార్లు. ఒక్కోసారికి గొంతు ఇంత ఇంత అరిగిపోతున్నది..."

అక్కడ ఆగాడు. అతని పై పెదవి మీద చెమట పూసలు కట్టింది. మమ్మల్ని ఎవరినీ చూడటం లేదు, కార్ఖానా గోడ వైపు చూస్తున్నాడు. కథ చెప్పేవాళ్లు సరైన చోట ఇలా ఆగితేనే అందమని నేను మురిసిపోయాను.

"మిషన్‌కు నీ పేరెట్ల ఎర్కరా?" అన్నాడు ఆగయ్య కాక.

"ఫారం మీద రాసిన గద! సదువుకున్న మిషన్ అది."

"మేం పెట్టిన దాంట్ల పేర్లేం లేవే అన్నా," అంది సింధూజ కనుబొమలు ముడిచి. అతను వినిపించుకోలేదు.

"అప్పుడు నువ్వేం చేసినవ్?" అన్నాడు ప్రణయ్ అన్న.

అన్న వంగి, బెంచీ అంచుకు జరిగి కూర్చున్నాడు. అడిగిన తీరు కథ అడిగినట్టు లేదు. ఆ తర్వాత చాలాసేపటికి గాని నాకు అది తట్టలేదు.

"ఏం చేసిన్నా? లేచిన! ఇంకేం జేస్తరు?"

"అందరు లేవరన్నా," అంది సింధూజ. "ఆపద ముందట మనుషులు తీరుకొకరు. కొందరు తిరగబడతరు, కొందరు ఉరుకుతరు, కొందరు ఉన్నకాడనే గడ్డకట్టిపోతరు. అది ఒంటి పని, మనిషి చేతుల ఉండదు అంటది మా మేడమ్."

"గడ్డకట్టేటోడు మనిషేనా?" శివకృష్ణ అంత గట్టిగా అరుస్తాడని ఎవరం అనుకోలేదు. "గసువంటోన్ని తీస్కపోయి తాపీ నదిల పడెయ్యాలె! అసువంటోనికి నువ్వు చదువులల్ల పేరు గూడ పెట్టినవా!"

అతనే మళ్లీ నవ్వి, అవ్వ చేతిలోంచి గ్లాసు అందుకుని, గుక్క తాగి, కథ ఎత్తుకున్నాడు.

"లేచి భుజంతోని ఒక్కటి కొడితె తలుపు పోయి అవతలి గోడకు తాకింది. దాని ఎనుక ఇంకో తలుపు. దాన్ని కొట్టిన. దాని ఎనుక ఇంకోటి. ఆరు తలుపులు! ఏడోది ఇనుపది. అది నన్ను చూసి అదే తెరుసుకున్నది! బయటికొస్తె అరుపు లేదు. ఏది? మెట్లు దిగుకుంట పోతున్నది! కండ్లతోని చూసిన కాకా. మగ్గం కింద పోగుల దుమ్ము లేస్తది చూడు, తెల్లగ? గట్లున్నది. ఆగుతదా? ఆగదు. నేను ఆగుతనా? నేనూ ఎంబడి! నా వేళ్లకు వైర్లు, వైర్లకు మిషన్, మిషన్ కింద బల్ల, బల్ల మీద మేడమ్ చాయ్ కప్పు, అన్నీ నా ఎనుక ఉరికొస్తున్నయ్. కప్పులకెల్లి చుక్క ఒలకలే!"

"మరి ఇప్పుడు అంగీ మీద ఎట్ల ఒలికెరా?" అన్నాడు కాక.

అందరం నవ్వాం. అతను మరకను అరచేత్తో మూసుకుని ఆగకుండా సాగిపోయాడు.

"ఉధ్నా దాటిన. బస్సులు ఆగినయ్, ట్రాఫిక్ పోలీసాయన నాకు సెల్యూట్ కొట్టిండు. ఆ అరుపు తెలివి చూడుండ్రి, దారిల ఏ కార్ఖానా కనబడితె దాంట్ల దూరుతున్నది. మగ్గాల చప్పుడుల కలిసిపోతె ఎవలికి దొరుకుతది? ఒక్క కార్ఖానా బంద్ జేస్తె పక్కదాంట్లకు దుంకుతది. అప్పుడు నాకు తట్టింది. సూరత్ మొత్తం ఒక్కసారే బంద్ చెయ్యాలె! సబ్‌స్టేషన్ గోడ దుంకిన. ఆడ ఒక స్విచ్చు, మనిషంత ఎత్తు. పట్టుకున్న, గుంజిన! బంద్! సూరత్ మొత్తం బంద్! పోయిన నెల ఒక బుధారం మూడు గంటలు కరెంటు పోయిందా లేదా? ఎవలది ఆ పని?"

"ట్రాన్స్‌ఫార్మర్ల ఉడుత పడ్డదిరా," అన్నాడు కాక.

"ఉడుతను ఎవలన్న చూసిండ్రా?"

"చూడలే."

"నన్ను ఎవలన్న చూసిండ్రా?"

"చూడలే."

"మరి ఇద్దర్నీ చూడనప్పుడు ఉడుతనే అయ్యుండాలని ఏమున్నది?"

"ప్రశ్న మాత్రం మంచిదే," అని సింధూజ కూడా నవ్వేసింది.

"నొక్కిన నేను," అన్నాడు శివకృష్ణ. నవ్వడం లేదు. "ఈ చెయ్యితోనే నొక్కిన. కండ్లు మూసి తెరిచేటంతల నొక్కిన." కుడి చెయ్యి పైకెత్తి మాకందరికీ చూపించాడు. ఆ చెయ్యి సన్నగా వణుకుతుంటే, అంత పెద్ద స్విచ్చు గుంజిన చెయ్యి కదా, వణకదా మరి, అనుకున్నాను నేను. నిజంగా అలాగే అనుకున్నాను.

"ఊరంత సప్పుడు లేదు. ఇగ అరుపుకు దాక్కునే జాగ ఏది? నేరుగ డుమస్ తొవ్వ పట్టింది. సముద్రంల దుంకాలని దాని ఉపాయం. నల్ల ఇసుక మీద అది, దాని ఎనుక నేను. మా ఇద్దరిని చూసి సముద్రమే ఎనుకకు పోయింది, కోసు దూరం! చాపలు ఒడ్డున నిలబడి చూస్తున్నయ్. ఒక్క దుంకు దుంకి మెడ పట్టిన. ఎంత బరువో ఎర్కేనా ఆ అరుపు? మనిషంత బరువు. సంచిల వేసిన, మూతికి పడుగు దారం చుట్టి, మన సాలోళ్ల ముడి వేసిన. ఇప్పుడు నా మంచం కిందనే ఉన్నది. ఇగ అది ఎన్నడు అరువదు." అన్న వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "రేపు నువ్వు నిమ్మళంగ రా ప్రణయ్. నేనున్న గద."

అవ్వ బండి వెనక నుంచి వచ్చి అతని తల మీద చెయ్యి పెట్టింది. "సంచి సంగతి నాకెర్క లేదు బిడ్డా. రేపు నా కొడుకును నీ చేతులల్ల పెడుతున్న. గది చాలు."

నాకు ఆ క్షణంలో ప్రపంచంలో ఏ భయమూ లేదనిపించింది.

"సంచి తేపో, చూద్దాం," అన్నాడు ఆగయ్య కాక.

"ఇప్పితె పోతది గద కాకా!"

"పోనీ జేబుల ఉన్న కవరు ఇప్పు. నీ మాట కంటె కాగితం మాట నమ్ముత నేను."

శివకృష్ణ దర్జాగా కవరు తీసి నా చేతికిచ్చాడు. "నవతా, నువ్వు సదువు. పెద్దగ. అందరు ఇనేటట్టు."

"వద్దన్నా," సింధూజ అడ్డం వచ్చింది. "అది నీ ఒక్కనికోసం రాసింది. నలుగురి ముందట చదివేది కాదు."

"నా దగ్గర దాసుకునేటిది ఏమున్నది?"

నేను కవరు చించాను. లోపల గుజరాతీలో ఒక పేజీ. నేను పదో తరగతి దాకా గుజరాతీలోనే చదివాను, అతనికి ఆ లిపి పట్టుబడదు. పైన పెద్ద అక్షరాలతో ఉన్నది చదివాను. "కంట్రోల్ గ్రూప్."

"కంట్రోలా?" ఆగయ్య కాక చెవి దగ్గరికి చెయ్యి పెట్టుకున్నాడు. "కంట్రోల్ బియ్యం ఇస్తరా? ఆ కార్డు మా ఊర్లనే ఉన్నది గదరా!"

"బియ్యం గాదు కాకా!" శివకృష్ణ రొమ్ము విరిచాడు. "కంట్రోల్ అంటె భయాన్ని కంట్రోల్ చేసినోడు అన్నట్టు. అసువంటోళ్లను ఏరి ఒక గ్రూపు చేసిండ్రు. సదువు నవతా, సదువు."

సింధూజ ముఖం పాలిపోయింది. నేను అది గమనించినా ఆగలేదు. నా నోటితో అతని గొప్ప వినబడాలని ఆశ. ఒక్కో వాక్యం తెలుగులోకి మార్చి చదివాను.

"మీకు వినిపించిన పదిహేను నిమిషాలలో మగ్గాల చప్పుడు మాత్రమే ఉన్నది. రెండో గ్రూపువారికి మధ్యలో ఒక మనిషి కేక వినిపించాం. మీ గ్రూపుకు వినిపించలేదు. మీరు విన్నదాంట్లో మనిషి గొంతు ఎక్కడా..."

నేను చదవడం ఆపి తల ఎత్తాను.

"కంట్రోల్ అంటె కోరా ముక్క," అంది సింధూజ నేల చూస్తూ.

ఆగయ్య కాక తొడ చరుచుకున్నాడు. "కోరా ముక్క! ఏడు రంగులల్ల ముంచిండ్రట! సముద్రం ఎనుకకు పోయిందట! చాపలు నిలబడి చూసినయట!" అవ్వ కూడా నవ్వింది. దొరికిపోయిన కోతలరాయుడు చేయాల్సింది ఒక్కటే, తనూ తల గోక్కుని నవ్వడం. నవ్వితే అక్కడితో అయిపోయేది. చాయ్ తాగి ఇంటికి పోయేవాళ్లం. అతను నోరు తెరిచాడు. నవ్వు రాలేదు.

సింధూజ అతని పక్కకు జరిగింది. మెల్లగా అన్నా నాకు వినబడింది. "నాలుగో నిమిషంల నీ గీత ఒక్కసారి పైకి లేచిందన్నా. మిషన్ ఖరాబైందని మేడమ్ అంటె, ఎందుకో నాకు అప్పుడు ఎర్క లేదు. మగ్గాల చప్పుడు తప్ప ఏమీ లేనోనికి అంత గీత ఎందుకొచ్చిందనే ఆమె ఇంకా అడుగుతున్నదని ఇప్పుడు ఎర్కయింది. నిన్ను ఏదన్న బాధ పెడుతున్నదా?"

ఆగయ్య కాక ఇంకా నవ్వుతూనే అతని అంగీ వైపు వేలు చూపించాడు. "అవునురా, మరి ఎందుల్ల ముంచని కోరా ముక్క మీదికి మరక ఎక్కడికెల్లి వచ్చింది?"

సరిగ్గా అప్పుడే పక్క గల్లీలో పాళీ మారే వేళయింది. మగ్గాలు ఒకటొకటిగా ఆగి, ఆఖరిది కూడా ఆగిపోయింది. పొయ్యి మీద చాయ్ ఉడుకుతున్న చప్పుడు కూడా వినబడింది. అంత నిశ్శబ్దానికి నాకు చీకటి కంటే ఎక్కువ భయం వేసింది.

"శివన్నా," అని పిలిచాడు ప్రణయ్ అన్న.

శివకృష్ణ ఇందాకటిలాగే ఎగిరిపడ్డాడు.

అన్న లేచి నిలబడ్డాడు. తువ్వాల జారిపోయింది, చెయ్యి దాచుకోవాలని కూడా చూడలేదు. "పట్టాల చెయ్యి పడ్డప్పుడు నేనేమని అరిచిన్నో ఇంట్ల గూడ చెప్పలే. అవ్వకు చెప్పలే, నవతకు చెప్పలే. నువ్వు మట్కా కాడ ఉంటివి. నీ పేరు పెట్టి పిలిచిన్నని ఎర్కయితె, ఇన్లేకపోతినని బాధపడుతవని చెప్పలే." ఒక అడుగు దగ్గరికి వచ్చాడు. "బంద్ జెయ్యమని నాలుగుసార్లు పిలిచిన. నీకెట్ల ఎర్క శివన్నా?"

ఏదైనా అబద్ధం చెప్పు అని నేను మనసులో అతన్ని బతిమాలాను. ఎవరో చెప్పారని చెప్పు, కలలో వచ్చిందని చెప్పు, ఇంకో ఏడు తలుపులు బద్దలు కొట్టు, నేను నమ్ముతాను.

శివకృష్ణ తన కుడి చేతిని చూసుకున్నాడు. అది తనది కానట్టు చూశాడు. తర్వాత మొదటిసారి, ఏ రాగమూ లేకుండా, మామూలు మనిషి గొంతుతో అన్నాడు.

"మట్కా కాడికి పోలే ప్రణయ్. స్విచ్చు కాడనే ఉన్న. నువ్వు నాలుగుసార్లు పిలిచినవ్, నాలుగుసార్లు ఇన్న. చెయ్యి స్విచ్చు మీదనే ఉండె. కదలలే."